మర కుదిరితే చాలదు: వేప్ అడాప్టర్లు, బ్యాటరీలు, మన హక్కులు



ఈసారి పాఠం వేలెడంత కూడా లేని ఒక ఇత్తడి ముక్క గురించి. ఈ మధ్య సైటుల్లో పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఇవి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. "ఒక కంపెనీ వేప్‌కి ఇంకో కంపెనీ ట్యాంకు ఎక్కడం లేదు, అడాప్టర్ మనమే లేత్ మీద చేసుకోవచ్చా?" "ఇంట్లో కూర్చుని అడాప్టర్లు బిగించి ఇస్తే ముక్కకి ఇంత ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?" "నేను పని చేసే ఇంట్లో ఇవి ఎక్కడపడితే అక్కడ పడుంటాయి, చిన్నపిల్లాడు ఉన్నాడు, ఏం చెయ్యాలి?"

వేప్ అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్. మన వేపచెట్టుకీ దీనికీ సంబంధం లేదు, ఇందులో ఉండేది నికోటిన్. దాన్ని తాగాలా వద్దా అనేది ఇవాళ్టి పాఠం కాదు. దాని బ్యాటరీ, ఆ బ్యాటరీకి మనం తగిలించే సొంత అడాప్టర్, అది కాలితే ఎవరు నష్టపోతారు అన్నదే పాఠం. నేను బీకాం చదివిన మనిషిని కాబట్టి ఎక్కువగా లెక్కతోనే చెప్తాను. ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: మర కుదరడం వేరు, కరెంటు కుదరడం వేరు.

1. అడాప్టర్ చేసే పని ఏమిటి?

వేప్‌లో ముఖ్యంగా రెండు భాగాలు. కింద బ్యాటరీ, పైన ద్రవాన్ని వేడిచేసే కాయిల్ ఉన్న ట్యాంకు. రెండిటినీ మరతో బిగిస్తారు. ఎక్కువ వాటికి ఉండే మర పేరు 510. దాని వ్యాసం 7 మిల్లీమీటర్లు, ఒక మరకీ ఇంకో మరకీ మధ్య దూరం అర మిల్లీమీటరు. ఈగో అని ఇంకో రకం మర కూడా ఉంది. ఒక రకం మర ఉన్న బ్యాటరీకి ఇంకో రకం ట్యాంకు బిగించడానికి మధ్యలో పెట్టేదే అడాప్టర్.

చూడ్డానికి నీళ్ళ పైపుకి వేసే రెడ్యూసర్ లాగా ఉంటుంది. అందుకే ప్లంబింగ్ తెలిసినవాళ్ళకి, లేత్ తిప్పినవాళ్ళకి ఇదేముంది, పది నిమిషాల పని అనిపిస్తుంది. కానీ పైపులో పోయేది నీళ్ళు. ఇందులో పోయేది కరెంటు, అదీ రెండు దారుల్లో. బయటి మర ఒక దారి, అది నెగెటివ్. నడిమధ్య ఉండే పిన్ను రెండో దారి, అది పాజిటివ్. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కరెంటు పారని పదార్థంతో చేసిన చిన్న రింగు ఉంటుంది. ప్రాణం కాపాడేది ఆ రింగే.

2. లెక్క చూద్దాం

వీటిలో చాలావాటికి వాడే విడి సెల్లు పేరు 18650. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. నిండా ఛార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు. ఆ వోల్టుల్ని కాయిల్ నిరోధంతో, అంటే ఓములతో, భాగిస్తే ఎంత కరెంటు లాగుతుందో తెలుస్తుంది.

కాయిల్ 1 ఓము అయితే 4.2 ÷ 1 = 4.2 ఆంపియర్లు.
కాయిల్ 0.2 ఓము అయితే 4.2 ÷ 0.2 = 21 ఆంపియర్లు.
కాయిల్ 0.1 ఓము అయితే 4.2 ÷ 0.1 = 42 ఆంపియర్లు.

20 ఆంపియర్ల వరకే తట్టుకుంటుందని కంపెనీ రాసిన సెల్లుకి రెండో లెక్కే గీత దాటింది. మూడోది రెట్టింపు దాటింది. మరి పిన్నూ మరా నేరుగా తగిలితే? అప్పుడు నిరోధం దాదాపు సున్నా. సెల్లు తన దగ్గరున్నదంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. దాన్నే షార్ట్ అంటాం. సెల్లు లోపల వేడి పుడుతుంది, ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. ఒకసారి ఆ దశ మొదలైతే స్విచ్ ఆపినా ఆగదు.

మంచి కంపెనీ పరికరాల్లో షార్ట్‌ని పసిగట్టి కరెంటు ఆపేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. మెకానికల్ మోడ్ అనే రకంలో అది ఉండదు. బటన్ నొక్కితే సెల్లు నుంచి కాయిల్‌కి నేరుగా కరెంటు పోతుంది. సొంతంగా చేసిన అడాప్టర్ అలాంటి దానికి తగిలిస్తే, తప్పు దిద్దే నాథుడు మధ్యలో లేడు.

3. లేత్ మీద చేసినప్పుడు ఎక్కడ చెడుతుంది?

మొదటిది, పిన్ను పొడవు. ట్యాంకు మర నేరుగా సెల్లు తల మీద కూర్చునే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది, దాన్ని హైబ్రిడ్ అంటారు. అక్కడ పిన్ను, మర అంచు కన్నా కచ్చితంగా బయటికి పొడుచుకు రావాలి. రాకపోతే పిన్ను కన్నా ముందు మర అంచే సెల్లు పాజిటివ్ తలకి తగులుతుంది. షార్ట్ అక్కడే. ఇది కంటికి కనిపించనంత చిన్న తేడా.

రెండోది, ఆ రింగు. చేతికి దొరికిన ప్లాస్టిక్ ముక్కో, వాషరో పెట్టేస్తారు. మొదటి రోజు బాగానే పనిచేస్తుంది. వేడికి మెత్తబడి, బిగించినప్పుడల్లా కొంచెం కొంచెం నలిగి, నెల తర్వాత పిన్ను పక్కకి జరుగుతుంది. కొత్తలో పనిచేసింది కదా అని నమ్మకూడదు అనేది ఇందుకే.

మూడోది, బలం. అడాప్టర్ పెట్టాక పరికరం పొడుగవుతుంది. జేబులోంచి జారి కాంక్రీటు మీద పడితే దెబ్బంతా ఆ జాయింటు మీదే పడుతుంది. బయటికి గీత కూడా కనపడదు, లోపల రింగు చితికి ఉంటుంది.

నాలుగోది, ఛార్జింగ్ అడాప్టర్. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మర సరిపోయింది కదా అని వేరే వేప్ ఛార్జర్ బిగిస్తారు. లిథియం సెల్లుని 4.2 వోల్టుల దగ్గర ఆపాలి. ఆ ఆపే పని కొన్నిటిలో ఛార్జర్ చేస్తుంది, కొన్నిటిలో పరికరం చేస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఆపకపోతే సెల్లు పొంగుతుంది, వేడెక్కుతుంది, అంటుకుంటుంది. ఫోన్ ఛార్జర్‌తో వేప్ ఛార్జ్ చెయ్యొద్దని ఎఫ్‌డీఏ చెప్పేది కూడా ఇందుకే.

ఐదోది, మీ ఒంటికి సంబంధించింది. లేత్ మీద సులువుగా కోసుకునే ఇత్తడిలో సుమారు 3 శాతం సీసం కలిపి ఉంటుంది. ఆ పొట్టూ దుమ్మూ చేతులకీ బట్టలకీ అంటుకుంటాయి. చేతులు కడుక్కోకుండా అన్నం తినొద్దు. ఆ బట్టలతో ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవద్దు.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: చేతనైన పనే కావచ్చు, కానీ చెయ్యకండి. పరికరం చేసిన కంపెనీ అదే పరికరానికని అమ్మే భాగాలే వాడండి. సర్దుకోని ట్యాంకుని వదులుకోండి. ట్యాంకు పోతే ఇరవై ముప్పై డాలర్లు. చెయ్యి పోతే పనే పోతుంది.

4. ఇది ఊరికే భయపెట్టడం కాదు

అమెరికా ప్రభుత్వ ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2017 జూలైలో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 వరకు పత్రికల్లో, టీవీల్లో వచ్చిన వేప్ మంటలు, పేలుళ్ళు లెక్కపెడితే 195. అందులో 133 మందికి గాయాలు, వాటిలో 38 తీవ్రమైనవి. ఎక్కువ ప్రమాదాలు వేప్ నోటి దగ్గరో జేబులోనో ఉన్నప్పుడే జరిగాయి. అంటే ముఖం, తొడలు, చేతులు.

2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేప్ పేలి, దాని ముక్క తలలోకి దూసుకుపోయి ఒకాయన చనిపోయారు. 2019 జనవరిలో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 24 ఏళ్ళ యువకుడికి పేలిన వేప్ ముక్క మెడలోని పెద్ద రక్తనాళాన్ని తెంపేసింది. అతనూ బతకలేదు. ఆ చిన్న సెల్లులో ఎంత శక్తి దాగుంటుందో తెలియాలనే ఇవి చెప్తున్నాను.

2021 జనవరిలో వినియోగదారుల భద్రతా కమిషన్ 18650 విడి సెల్లులు కొని వాడొద్దని హెచ్చరించింది. ఇవి అసలు బ్యాటరీ ప్యాకుల లోపల అమర్చడానికి చేసినవి. విడిగా జేబులో వేసుకుంటే తాళంచెవులో, చిల్లర నాణేలో, మేకో తగిలినా షార్ట్ అవుతాయి. సైటులో మన జేబుల్లో మేకులు, స్క్రూలు లేని రోజు ఉందా?

5. సైటులో: టూల్ బ్యాటరీ అడాప్టర్లకీ ఇదే సూత్రం

వేప్ ముట్టనివాళ్ళు కూడా ఈ భాగం చదవండి. ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ డ్రిల్లుకి తగిలించే అడాప్టర్లు ఇప్పుడు సైటుల్లో బాగా కనిపిస్తున్నాయి. కొన్ని కొన్నవి, కొన్ని ఎవరో చేసి ఇచ్చినవి. ఒక డబ్బా మీద 18 వోల్టులు, ఇంకో దాని మీద 20 మ్యాక్స్ అని ఉన్నా లోపల వరుసగా ఐదు సెల్లులే ఉంటాయి. అందుకే తగిలిస్తే పనిచేస్తుంది. కానీ బ్యాటరీ మరీ ఖాళీ అవకుండా, మరీ వేడెక్కకుండా ఆపే ఏర్పాటు కొన్ని కంపెనీలు బ్యాటరీలో పెడతాయి, కొన్ని టూల్‌లో పెడతాయి. అడాప్టర్ వచ్చి మధ్యలో కూర్చుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. మర కుదిరింది, కరెంటు కుదరలేదు.

ఇక్కడ హక్కు ఏమిటంటే, కన్‌స్ట్రక్షన్ పనుల ఓషా నిబంధన 1926.300 ప్రకారం చేతి పనిముట్లు, పవర్ టూల్స్ అన్నీ సురక్షితమైన స్థితిలో ఉండాలి. యజమాని ఇచ్చినవైనా, పనివాడు తెచ్చుకున్నవైనా ఇదే రూలు. "అది నీ సొంత డ్రిల్లు, నాకు సంబంధం లేదు" అని కాంట్రాక్టర్ తప్పించుకోలేడు.

మేస్త్రీ అలాంటి అడాప్టర్‌తో పని చెయ్యమంటే ఏం చెయ్యాలి? ముందు మర్యాదగా చెప్పండి: "ఇది కంపెనీ చేసింది కాదు, వేడెక్కుతోంది, వేరేది ఇవ్వండి." మాటతో పాటు ఫోన్లో మెసేజ్ కూడా పెట్టండి, రుజువుగా ఉంటుంది. ఫొటో తీసుకోండి. వినకపోతే ఓషాకి ఫిర్యాదు చెయ్యొచ్చు, నంబరు 1-800-321-6742. మీ పేరు యజమానికి చెప్పొద్దని అడిగే హక్కు మీకుంది. భద్రత శిక్షణ మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా ఓషా చెప్తుంది.

పని చెయ్యనని నిరాకరించే హక్కు ఉంది, కానీ దానికి షరతులున్నాయి. ప్రాణం పోయేంత లేదా తీవ్రమైన గాయమయ్యేంత ప్రమాదం ఉందని మీరు నిజాయితీగా నమ్మాలి, మామూలు మనిషెవరికైనా అలాగే అనిపించాలి, సరిచెయ్యమని యజమానిని అడిగి ఉండాలి, ఇన్‌స్పెక్షన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండకూడదు. కోపంతో సైటు వదిలి వెళ్ళిపోకండి. "వేరే సురక్షితమైన పని ఇవ్వండి, చేస్తాను" అని చెప్పి అక్కడే ఉండండి. ఫిర్యాదు చేశారని పనిలోంచి తీసేసినా, గంటలు తగ్గించినా ఓషాకి 30 రోజుల లోపల చెప్పాలి. 31వ రోజున వెళ్తే ఆ దారి మూసుకుపోవచ్చు. క్యాలెండర్‌లో రాసుకోండి.

6. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళకి

ఉతకడానికి వేసే ముందు ప్రతి జేబూ చూడండి. వేప్ గానీ విడి సెల్లు గానీ దొరికితే వాషింగ్ మిషన్‌లో, డ్రయ్యర్‌లో పడనివ్వకండి. తడిసిన దాన్ని ఆరబెట్టి మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. చెత్తబుట్టలో కూడా వెయ్యకండి, చెత్త బండిలో నలిగి అంటుకుంటుంది. ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటు ఎక్కడుందో కనుక్కుని, అక్కడ ఇవ్వమని ఇంటివాళ్ళకి చెప్పండి. మంచం మీద, సోఫా మీద ఛార్జింగ్‌లో ఉంటే అలా పెట్టొద్దని చెప్పండి.

వేప్‌లో పోసే ద్రవం పిల్లలకి విషం. కొంచెం మింగినా ప్రమాదమే, చర్మం మీద పడినా ఒంట్లోకి దిగుతుంది. అలా జరిగితే ఇంటివాళ్ళు వచ్చేదాకా ఆగకండి. పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి, రాత్రీపగలూ పలుకుతారు. బిడ్డ స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా నేరుగా 911.

ఇక హక్కుల మాట. ఒక కుటుంబం తన ఇంటి పనికి నేరుగా పెట్టుకున్న మనిషికి ఓషా వర్తించదు. ఇది చాలామందికి తెలియదు. ఏజెన్సీ ద్వారా వెళ్ళేవాళ్ళ విషయం వేరు, అక్కడ ఏజెన్సీ యజమాని అవుతుంది. గాయమైతే ఖర్చు ఎవరు పెట్టుకోవాలనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో వారానికి 40 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ చేసేవాళ్ళకి వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తప్పనిసరి. టెక్సస్‌లో ప్రైవేటు యజమానికి ఆ బీమా తప్పనిసరి కాదు. న్యూజెర్సీలో ఇంటి పనివాళ్ళ హక్కుల చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే పనిలో చేరేటప్పుడే అడగండి: "నాకు ఇక్కడ దెబ్బ తగిలితే బీమా ఉందా అమ్మా?" ఇది అడగడంలో మొహమాటం వద్దు.

7. "ఇంట్లో కూర్చుని అడాప్టర్లు చేసిపెట్టండి" అంటే

ముక్కకి అర డాలర్ ఇస్తామంటారు. లెక్క వేద్దాం. పది గంటలు కూర్చుని వంద ముక్కలు చేస్తే 50 డాలర్లు. గంటకి 5 డాలర్లు పడింది. ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ముక్క లెక్కన ఇచ్చినా, ఇంట్లో చేయించినా, కార్మికుడికి ఆ గంటల్ని బట్టి కనీస వేతనం రావాలి. సోల్డరింగ్ సామాను మీరే కొనుక్కోవాలన్నా ఆ ఖర్చు మీ కూలిని కనీస వేతనం కిందికి దించకూడదు. "నువ్వు కార్మికుడివి కాదు, కాంట్రాక్టరువి" అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అది నిజమైపోదు. పని ఎలా నడుస్తోందో చూసి తేలుస్తారు.

రోజూ ఎన్ని గంటలు చేశారో, ఎన్ని ముక్కలు ఇచ్చారో, ఎంత ఇచ్చారో నోట్‌బుక్‌లో రాసుకోండి. కూలి ఎగ్గొడితే లేబర్ డిపార్ట్‌మెంట్ వేతనాల విభాగం 1-866-487-9243. చేసిన పనికి కూలి ఇప్పించేటప్పుడు వాళ్ళు ఇమిగ్రేషన్ స్టేటస్ చూడరు. మామూలుగా రెండేళ్ళ వెనకటి బాకీ వరకు, కావాలని ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ళ వరకు అడగొచ్చు.

ఇంకో హెచ్చరిక. ఎఫ్1 మీద చదువుతున్న పిల్లలు, వర్క్ పర్మిట్ లేని హెచ్4 వాళ్ళు ఇలాంటి పనికి డబ్బు తీసుకుంటే వీసాకే ఎసరు వస్తుంది. ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

ఈ పనిలో చట్టం చిక్కు కూడా ఉంది. 2016 ఆగస్టు 8 నుంచి వేప్‌లూ వాటి భాగాలూ ఎఫ్‌డీఏ కిందికి వచ్చాయి. అమ్మకానికి పరికరాలు చేసినా, మార్చినా తయారీదారు కింద లెక్కేస్తారు. తయారీదారు అంటే రిజిస్ట్రేషన్, ముందస్తు అనుమతి అన్నీ కావాలి. పోస్టులో పంపడం కూడా కుదరదు. 2020 డిసెంబరులో వచ్చిన చట్టం, 2021 అక్టోబరులో పోస్టాఫీసు పెట్టిన నిబంధనల ప్రకారం మామూలు మనుషులు అమ్మకం కోసం వేప్‌ని గానీ, దాని భాగాల్ని, యాక్సెసరీల్ని గానీ యూఎస్‌పీఎస్‌లో పంపకూడదు. సరుకు చేయించినవాడు కనపడడు. పార్సిల్ మీద ఉండేది మీ పేరు.

8. ఊరెళ్ళేటప్పుడు

విమానంలో వేప్‌లు, విడి లిథియం సెల్లులు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. అయితే ఇండియాకి అసలు తీసుకెళ్ళనే వద్దు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా, అదే ఏడాది డిసెంబరులో చట్టంగా ఇండియాలో ఈ-సిగరెట్లను నిషేధించారు. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం అన్నీ నేరమే. పూర్తి వస్తువైనా, దాని ఏ భాగమైనా అని చట్టంలో స్పష్టంగా ఉంది. అంటే అడాప్టర్ కూడా. మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. తమ్ముడు తెమ్మన్నాడని, బావమరిది అడిగాడని శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళకి దొరికిపోకండి.

9. జరగకూడనిది జరిగితే

పరికరం బుసకొట్టినా, పొంగినా, పట్టుకోలేనంత వేడెక్కినా విసిరేసి దూరం జరగండి. బట్టలు అంటుకుంటే ఆర్పి, ఆ బట్టలు తీసెయ్యండి, 911కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో "లిథియం బ్యాటరీ కాలింది" అని తప్పకుండా చెప్పండి. అది వేడి ఒక్కటే కాదు, రసాయనం కూడా చర్మాన్ని కాలుస్తుంది, వైద్యం దాన్ని బట్టి మారుతుంది. ఇన్సూరెన్స్ లేకపోయినా ఎమర్జెన్సీ గదిలో మిమ్మల్ని పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే స్థిరపరచాలి. ఇది 1986 నుంచి ఉన్న చట్టం. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

పనిలో జరిగితే అదే రోజు యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత గాయమైతే యజమాని 24 గంటల్లో ఓషాకి తెలపాలి, ప్రాణం పోతే 8 గంటల్లో. కాలిన పరికరాన్ని, అడాప్టర్‌ని ఎవరికీ ఇచ్చెయ్యకండి, పారెయ్యకండి. చల్లారాక బయట, ఇసుకలో, ఇనుప డబ్బాలో పెట్టండి. అదే మీ సాక్ష్యం. వేప్ పేలితే ఎఫ్‌డీఏకి కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు.

సరిచూసుకోండి

ఈ ఐదు ప్రశ్నలకి జవాబులు పక్కవాళ్ళతో మాట్లాడుకోండి. క్లాసులో మేము అడుగుతాం.

ఒకటి: కాయిల్ 0.15 ఓము, సెల్లు 4.2 వోల్టులు. ఎంత కరెంటు? 20 ఆంపియర్ల సెల్లు తట్టుకుంటుందా?
రెండు: డ్రిల్లు మీ సొంతం. దాని భద్రత బాధ్యత కాంట్రాక్టర్‌కి ఉందా?
మూడు: ఫిర్యాదు చేశారని పనిలోంచి తీసేశారు. ఎన్ని రోజుల్లో ఓషాకి చెప్పాలి?
నాలుగు: ఎనిమిది గంటల్లో 90 ముక్కలు, ముక్కకి 60 సెంట్లు. గంటకి ఎంత పడింది? కనీస వేతనం వచ్చిందా?
ఐదు: మీరు పనిచేసే రాష్ట్రంలో మీకు వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందా? తెలియకపోతే ఈ వారమే అడిగి తెలుసుకోండి.

మొదటి లెక్కకి జవాబు 28 ఆంపియర్లు, తట్టుకోదు. నాలుగో లెక్కకి 6 డాలర్ల 75 సెంట్లు, రాలేదు. మిగతా జవాబులు పాఠంలోనూ, మీ పని చోటులోనూ ఉన్నాయి. ఈ కాగితం చదివాక పారెయ్యకుండా మీ రూమ్మేటుకో, పక్కింటి అక్కకో ఇవ్వండి. ఫోన్ నంబర్లు మాత్రం ముందు మీ ఫోన్లో ఎక్కించుకోండి.